ఉసూరు దారిలో ఒక బాటిల్ నీళ్ళు

బస్తర్ వెళ్ళొచ్చానంటే మా ఊళ్ళో అందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. జలపాతం చూశావా, భయం వేయలేదా అని. జలపాతం చూడలేదు. భయం మాత్రం వేసింది. బస్సెక్కిన దగ్గర్నుంచి తిరిగి ఇంట్లో అడుగుపెట్టేదాకా వేస్తూనే ఉంది. అడవికి భయపడలేదు, అక్కడి మనుషులకు అంతకన్నా భయపడలేదు. మా వియ్యాలవారి పెరట్లో ఉన్న బావికి భయపడ్డాను.

ఎందుకో ముందే చెప్తాను. పాల్వంచ పక్కన మా ఊళ్ళో నేను పాల కేంద్రం నడుపుతాను. చదివింది పదో తరగతి. వెన్న శాతం, చిక్కదనం, వాటి లెక్కలు అన్నీ చేస్తూ చేస్తూ నేర్చుకున్నవే. ఆమధ్య మా కేంద్రం బోరు నీళ్ళు పరీక్షకు పంపితే నైట్రేట్ ఎక్కువ ఉందని వచ్చింది. ఆ కాగితం తెచ్చినాయన, ఈ నీళ్ళతో డబ్బాపాలు కలిపి ఆరు నెలల లోపు పిల్లలకు పట్టకండమ్మా అన్నాడు. పట్టిస్తే పసివాళ్ళ రక్తం ప్రాణవాయువును మోయలేదట, ఒళ్ళు నీలంగా మారుతుందట. పశువుల మూత్రం, పేడ, పొలంలో చల్లిన యూరియా నేలలోకి దిగి బావిలో కలిస్తే వచ్చేది ఇదే. దానికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు. లీటరుకు నలభై ఐదు మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ రోజు నుంచి దీని గురించి నాకు దొరికిందల్లా చదివాను.

మా అమ్మాయి మౌనికను ఉసూరు దగ్గర ఒక పల్లెలో తెలుగు రైతు కుటుంబానికి ఇచ్చాం. ఆసుపత్రి దగ్గరగా ఉంటుందని కాన్పుకు బచేలిలో ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. పాప పుట్టి నెల దాటింది. తల్లిపాలు చాలక డబ్బాపాలు కూడా పడుతున్నారు. శుక్రవారం మంచిరోజు, పాపను అత్తగారింటికి తీసుకెళ్తున్నాం అని ఫోను వచ్చింది. పెళ్ళప్పుడు ఆ ఇల్లు చూశాను. పశువుల కొట్టం మిట్టన ఉంది, బావి పల్లంలో ఉంది. ఆ రెండూ కళ్ళముందు ఆడేసరికి నాకు అన్నం సహించలేదు. కేంద్రం మా ఆయనకు అప్పగించి, నీళ్ళలో ముంచితే అందులో ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో అంకెల్లో చూపే కలంలాంటి మీటరు ఒకటి సంచిలో వేసుకుని సోమవారం పొద్దున బయల్దేరాను.

కుంట దాటాక

భద్రాచలం నుంచి చింతూరు, అక్కడి నుంచి కుంట. మార్చి నెల. రోడ్డు పక్క ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు వంగి పూలు ఏరుతున్నారు. కొన్ని చెట్ల కింద నేలను కాల్చి నల్లగా శుభ్రం చేసి ఉంచారు, రాలిన పువ్వు తెల్లగా కనపడాలని. మనం కల్లం అలికినట్టే అనుకున్నాను.

కుంట దాటిన కాసేపటికి బస్సులో మాట మారింది. ముందు సీట్లో హిందీ, వెనక గోండీ. నా పక్కన కూర్చున్న పెద్దావిడ దోర్లా తెగ మనిషి. ఆమె మాట సగం మన తెలుగే.

"ఏడికి పోతన్నవ్?"

"బచేలికి."

"ఎవలున్నరు?"

"బిడ్డ. మనవరాలు పుట్టింది."

ఆమె సంతోషపడి ఒళ్ళో ఉన్న ఆకుదొన్నె విప్పింది. ఎర్రచీమల పచ్చడి. దాన్ని అక్కడ చాపడా అంటారు. సంతలో అమ్మడానికి తీసుకెళ్తోంది, దొన్నె ఇరవై రూపాయలు. "తిను, జరం రాదు" అని వేలితో తీసి నా అరచేతిలో పెట్టింది. కళ్ళు మూసుకుని నాలుకకు రాసుకున్నాను. నిమ్మకాయ పిండి మిరపకాయ నూరినట్టుంది. నా ముఖం చూసి ఆవిడ పడీపడీ నవ్వింది. "మీ దిక్కు చీమలు లేవా ఏంది?" అంది. ఉన్నాయి, మేం తొక్కేస్తాం అన్నాను. "అన్నన్నా! తినేదాన్ని తొక్కుతరా?" అని ముందు సీటువాళ్ళకు కూడా చెప్పింది.

దోర్నపాల్‌లో బస్సు ఆగితే నీళ్ళకు దిగాం. ఎదురుగా చేతిపంపు ఉన్నా ఆవిడ దాన్ని దాటి ముందుకు నడిచింది. ఆ పంపు మూతికి ఎర్రరంగు పూసి ఉంది. ఎందుకని అడిగాను.

"ఎర్రది తాగద్దన్నరు సర్కారోల్లు. నోట్ల పండ్లు కరాబైతయంట."

"మరి మీ ఇంట్లో బావి ఉందా? దాన్నెవరైనా చూశారా?"

ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఇంట్ల బాయికి ఎవలు రంగేస్తరు? మనదే గద."

బస్సు మళ్ళీ కదిలాక కూడా ఆ మాట నా చెవిలోనే ఉంది. మా బోరునూ ఎన్నో ఏళ్ళు మేం అలాగే నమ్మాం.

బచేలి

బచేలిలో అన్నిటి మీదా ఎర్రదుమ్ము. చెట్ల ఆకులు, గోడలు, ఆరేసిన తెల్లపంచెల అంచులు, అన్నీ పలచగా కావిరంగే. పైన కొండ మీద ఇనుపరాయి తవ్వుతారు. కింద వరసగా క్వార్టర్లు. ఒక ఇంట్లోంచి విజయనగరం యాస, పక్కింట్లోంచి ఒడియా, ఎదురింట్లోంచి హిందీ వినపడుతుంటాయి. మా మౌనిక ఆడపడుచు పద్మ ఇక్కడే ఉంటుంది. పుట్టింది ఉసూరు వైపే అయినా కోస్తా మనిషిని చేసుకుని మాట మార్చేసుకుంది.

పాప నిద్రపోతోంది. పిడికిళ్ళు గట్టిగా బిగించి ఉంది. నేను ముందు గోళ్ళ రంగు చూశాను, తర్వాత పెదవుల రంగు చూశాను, ఆ తర్వాతే ముఖం చూశాను. మౌనిక అది కనిపెట్టింది.

"అమ్మా, ఇక్కడ కొళాయి నీళ్ళే. శుద్ధి చేసి వదులుతారు."

"ఇక్కడికి కాదు నా బెంగ. శుక్రవారం తర్వాత సంగతి."

పద్మ చేపల పులుసు వడ్డిస్తూ నవ్వింది. "అత్తయ్యా, మీరు మరీనండీ. ఆ బావి నీళ్ళు తాగే కదా నేనూ, నా తమ్ముడూ పెరిగాం? చూడండి ఎంత లావున్నానో."

"నువ్వు తల్లిపాలు తాగావమ్మా. మీ అమ్మ కడుపులోంచి వడపోసి వచ్చాయవి. ఈ పిల్లకు సీసా నిండా ఆ నీళ్ళే వెళ్తాయి."

పద్మ నవ్వు ఆపింది. అల్లుడు రాజు మంచంకోడు దగ్గర కూర్చుని వింటున్నాడు. మెల్లగా ఒక మాట చెప్పాడు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉందట. పుట్టిన బిడ్డ మొదటిసారి గడప తొక్కిన రోజు ఇంటి బావి నీళ్ళతో కాళ్ళు కడిగి, అవే నీళ్ళు నాలుక మీద చుక్క వేస్తారు. ఆ రోజు నుంచి బిడ్డ ఆ నీళ్ళ మనిషి.

చుక్కతో ఏమీ కాదని నాకు తెలుసు. ఆ చుక్క తర్వాత రోజుకు ఆరేడు సీసాలు ఉన్నాయి, అదీ నా బాధ. "శుక్రవారం లోపల పరీక్ష చేయిద్దాం బాబూ. బాగుంటే నేనే చుక్క వేస్తాను" అన్నాను. రాజు తలూపాడు.

దంతెవాడలో పంచె

మంగళవారం నేనూ రాజూ దంతెవాడ వెళ్ళాం. అక్కడి ల్యాబ్‌లో ఖాళీ బాటిల్ ఇచ్చారు. ఇచ్చినతను నన్ను దీదీ అని పిలుస్తూ హిందీలో నిదానంగా చెప్పాడు. అదే నీళ్ళతో మూడుసార్లు కడగాలి, గాలి లేకుండా మూతి నిండా పట్టాలి, చల్లగా ఉంచి మర్నాడే తేవాలి. ఫలితం శుక్రవారం పొద్దున ఇస్తానన్నాడు. పాల కేంద్రంలో నేను రోజూ చెప్పే మాటలే ఇవి. వినడానికి ధైర్యంగా అనిపించింది.

ఇంత దూరం వచ్చి దంతేశ్వరి అమ్మవారిని చూడకుండా పోతే మౌనిక అత్తగారు ఊరుకోదని రాజు అన్నాడు. ఆ గుళ్ళోకి మగవాళ్ళు ప్యాంటుతో వెళ్ళకూడదు, పంచె కట్టాల్సిందే. రాజు పంచె తీసుకుని ప్యాంటు మీదే చుట్టుకుంటుంటే ఒక ముసలాయన ఆపి, ప్యాంటు విప్పి కట్టించాడు. మా అల్లుడికి ట్రాక్టరు విప్పి బిగించడం వచ్చు గానీ పంచె రాదు. ప్రదక్షిణం అంతా రెండు చేతులతో నడుం పట్టుకునే నడిచాడు. నేను దండం పెట్టుకుంటూ ఏం కోరుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక అంకె కోరుకున్నాను. నలభై ఐదు లోపు.

సర్వీసు జీపెక్కి గీదం, బీజాపూర్ మీదుగా ఉసూరు దారి పట్టాం. ఆవపల్లి దగ్గర జీపు టైరు పోయింది. అది మార్చేదాకా అందరం చెట్టు నీడన కూర్చున్నాం. పక్కన గుడిసెలో ఒకావిడ అడక్కుండానే సొరబుర్రలోంచి అంబలి పోసి ఇచ్చింది. అక్కడ దాన్ని పేజ్ అంటారు. మన రాగి జావ కంటే పలచగా, కొంచెం పులుపుగా ఉంటుంది. తాగుతూ కూడా ఇది ఏ నీళ్ళతో కాచారో అనుకున్నాను. అలా అనుకోవడం నాకే నచ్చలేదు. కానీ మనసు ఒకసారి లెక్కలో పడితే బయటికి రాదు.

కాంతమ్మ ఇల్లు

వియ్యపురాలు కాంతమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. నా చేతిలో సంచి లాక్కుని చెంబుతో నీళ్ళిచ్చింది. "వదినె, గింత ఎండల వస్తివి. మబ్బుల, కోడి కూయంగ బయలెల్లితే సల్లగుండె గద." ఆ చెంబు నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి. మొత్తం తాగేశాను. తాగాక బావి వైపు చూశాను.

నాకు గుర్తున్నట్టే ఉంది. మిట్టన కొట్టం, కొట్టం పక్కన పెంటకుప్ప, పల్లంలో బావి. గట్టుకు రాళ్ళు పేర్చారు గానీ సిమెంటు లేదు. కొట్టం గోడకూ బావి గట్టుకూ మధ్య మా పాల క్యాన్లు వరసగా పెడితే పదిహేను పట్టవు. మా ఊళ్ళో కొట్టాలు ఇంటికి దూరంగా, ఊరి చివర ఉంటాయి. ఇక్కడ పులి భయం, దొంగ భయం ఉన్న రోజుల నుంచీ పశువుల్ని మనుషుల పక్కనే కట్టేయడం అలవాటు. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాలేదు.

చేదతో నీళ్ళు తోడి మీటరు ముంచాను. పదకొండు వందల ఇరవై చూపింది. కాంతమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఏంది వదినె గా కలం? నీళ్ళ మీద రాస్తదా?"

"నీళ్ళలో ఎంత ఉప్పు కరిగిందో చెప్తుంది వదినా. ఇది చాలా ఎక్కువ. నైట్రేట్ ఉందో లేదో మాత్రం ఈ కలం చెప్పలేదు."

"మా బాయి మంచిదే. నా పిల్లలు తాగి పెరిగిన్రు. మామ తవ్విచ్చిండు, నా పెండ్లికి ముందటేడు." ఆమె కొంగు తీసి నడుముకు దోపుకుంది. "నీకు అనుమానముంటే పాపకు మస్తు మరిగిచ్చి పోస్తం. సగమయ్యేదాంక మరిగిస్త. సరేనా?"

మరిగిస్తే పురుగు చస్తుంది గానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరై అది మాత్రం అడుగున మిగులుతుంది. సగమయ్యేదాకా కాస్తే రెట్టింపవుతుంది. ప్రేమ ఎంత ఎక్కువైతే అంత విషం. ఈ మాట ఎలా చెప్పాలో తెలియక, "ముందు పరీక్ష కానీ వదినా" అన్నాను.

ల్యాబ్ బాటిల్ మూడుసార్లు కడిగి, మూతి నిండా పట్టి, తడిగుడ్డ చుట్టి వసారాలో నీడకు పెట్టాను. ఆ పూట ఎండబెట్టిన వెదురుకొమ్ముల కూర, చింతచిగురు పప్పు పెట్టింది. వెదురు కూరకు మొదట ఒక రకం పులిసిన వాసన వస్తుంది, రెండో ముద్దకు అదే కావాలనిపిస్తుంది. నేను మూడోసారి వేయించుకుంటే కాంతమ్మ కొంచెం మెత్తబడింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. కాంతమ్మ తడిగుడ్డతో సహా బాటిల్ తెచ్చి నా సంచిలో తానే సర్దింది. దాన్ని దంతెవాడలో ఇచ్చేసి బచేలి చేరాం.

కాగితం

శుక్రవారం నేను ఒక్కదాన్నే ముందుగా దంతెవాడ వెళ్ళాను. మిగతావాళ్ళు పాపతో జీపులో వచ్చి నన్ను ఎక్కించుకోవాలని అనుకున్నాం. కాగితం బాగుంటే నేను ఫోన్ చేస్తాను, అప్పుడు బయల్దేరతారు.

ల్యాబ్ అతను నవ్వుతూ కాగితం ఇచ్చాడు. నైట్రేట్ ఆరు. "బహుత్ అచ్ఛా పానీ, దీదీ" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటికొచ్చి మౌనికకు ఫోన్ చేశాను. వెనక పద్మ కేక వినపడింది: "నేను చెప్పలేదాండీ అత్తయ్యా!" ఎదురుగా ఉన్న హోటల్లో టీ చెప్పుకున్నాను. ఈ ఊరు వచ్చాక మనసు పెట్టి తాగిన మొదటి టీ అదే. టీ సగంలో ఉండగా కాగితం మళ్ళీ తీశాను, ఊరికే, ఆ ఆరు మళ్ళీ చూసుకుందామని.

దానికింద ఇంకో వరస ఉంది. కరిగిన లవణాలు తొంభై నాలుగు.

బావి దగ్గర నా మీటరు చూపింది పదకొండు వందల ఇరవై.

నిన్న ఐదు ఉన్న వెన్న శాతం ఇవాళ పది వస్తే, గేదె మంచిదైందని ఏ పాల కేంద్రంలోనూ అనుకోరు. డబ్బా మారిందంటారు. ఒకవేళ నా మీటరే చెడిపోయిందేమో. టీ వదిలేసి మళ్ళీ లోపలికి పరుగెత్తాను. బాటిల్‌లో మిగిలిన నీళ్ళు అడిగి మీటరు ముంచాను. తొంభై ఆరు. నా మీటరు బాగానే ఉంది, ల్యాబ్ లెక్కా బాగానే ఉంది. అయితే ఇవి ఆ బావి నీళ్ళు కావు. కానీ పట్టింది నేనే. నా చేత్తో, నా కళ్ళముందు.

కాంతమ్మకు ఫోన్ చేశాను. మూడోసారికి కలిసింది.

"వదినా, ఆ బాటిల్‌లో నీళ్ళు..."

"తాగినవా? తియ్యగ లేవా?"

"మీరు మార్చారా?"

"మార్చనా మరి? ఇంటికొచ్చిన మనిషివి, నీ సేతితోని నువ్వే తోడుకున్న నీళ్ళు పట్కపోతే నాకెంత నామోషి? అవీ మట్టి వాసనొస్తుండె. పారబోసిన. పొద్దుగాల వాగుకు పోయి ఇసుకల చెలమ తోడి, మరిగిచ్చి, గుడ్డల వడబోసి పోసిన. మా ఇంట్ల చుట్టాలకు చెలమ నీళ్ళే ఇస్తం."

"అవి పరీక్షకు వదినా!"

"పరీచ్ఛ అయిపాయె గద? బాయికాడ్నే కలం ముంచితివి, నంబరు చూస్తివి."

ఆమె తప్పేమీ లేదు. మా కేంద్రంలో ప్రతి నమూనాకూ మూత మీద కాగితం అంటించి సంతకం పెట్టేదాన్ని, వియ్యపురాలి ఇంట్లో అలా చేస్తే నమ్మలేదనుకుంటుందని మానేశాను. వచ్చిన రోజు చెంబులో ఇచ్చిన నీళ్ళు ఎందుకంత తియ్యగా ఉన్నాయో కూడా అప్పుడే అర్థమైంది.

మౌనికకు ఫోన్ చేశాను. సిగ్నల్ లేదు. అప్పటికే బయల్దేరారు.

జీపు దగ్గర

బస్టాండు ముందు ఎండలో నిలబడి బచేలి వైపు నుంచి వచ్చే ప్రతి జీపునూ చూశాను. నన్ను ఎక్కించుకోవడానికి వాళ్ళు ఆగుతారని తెలుసు. అయినా ఒకవేళ ఆలస్యమైందని ఆగకుండా పోతే? నేను ముందే వెళ్ళాననుకుంటే? ఒక్కో జీపు దాటుతుంటే రెండడుగులు ముందుకేసి లోపలికి తొంగిచూశాను.

వాళ్ళ జీపు ఆగింది. పద్మ మల్లెపూలు పెట్టుకుంది. పాపకు ఎర్ర గౌను వేశారు. నేను ఎక్కకుండా తలుపు పట్టుకునే అంతా చెప్పాను.

"మళ్ళీ మొదలెట్టారా అత్తయ్యా?" పద్మకు కోపం వచ్చింది. "కాగితం మీద బాగుందని రాసిచ్చారు. ఇప్పుడు కాగితం కూడా తప్పంటారా? అక్కడ అమ్మ చుట్టాలందరినీ పిలుచుకుంది."

"కాగితం తప్పు కాదమ్మా. అది వేరే నీళ్ళది."

రాజు స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందుకే చూస్తున్నాడు. తల్లి ఒక పక్క, అత్త ఒక పక్క. జీపు ఇంజను ఆగలేదు. పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది. మౌనిక బచేలి నుంచి తెచ్చిన ఫ్లాస్కులో నీళ్ళతో పాలు కలుపుతూ ఉన్నట్టుండి ఆగింది.

"అమ్మా, అయితే ఈ కాగితం చెలమది కదా?"

"అవును."

"ఆరంటే మంచిదే కదా?"

అప్పటిదాకా బావి నీళ్ళు కావని మాత్రమే చూశాను. అవి ఏ నీళ్ళో ఆలోచించలేదు. ఇంత లెక్కలదాన్ని, నా బిడ్డ నాకంటే ముందు చూసింది. పోనీయ్ బాబూ అని జీపెక్కాను.

గడప

గడప ముందు కాంతమ్మ కొత్త చేదతో తోడిన బావి నీళ్ళు ఇత్తడి చెంబులో పట్టుకుని నిలబడి ఉంది. పక్కన పది పన్నెండు మంది ఆడవాళ్ళు. కాళ్ళు కడగనిచ్చాను. నాలుకకు చుక్క వేయబోతుంటే చేయి పట్టుకుని, చెలమ నీళ్ళు వేద్దాం వదినా అన్నాను. చుక్కతో ఏమీ కాదని తెలిసీ పట్టుకున్నాను. ఇక్కడ ఒప్పుకుంటే ఆ వెనక సీసాలకు అడ్డం చెప్పలేనని భయం.

కాంతమ్మ ముఖం నల్లబడింది. "ఇంటి పిల్లకు చుట్టాల నీళ్ళా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "పాల్వంచామె బాయికి గూడ వంకలు పెడ్తది" అన్నారు. ఆమె చెంబు దించి లోపలికి వెళ్ళిపోయింది. పాప నాలుక మీద ఏ చుక్కా పడలేదు.

నేను వెనకే వంటింట్లోకి వెళ్ళాను. మాట్లాడితే ఆమె వినదు, అంకె చెప్తే నమ్మదు. రెండు మూకుళ్ళు తీసుకుని చెరో గ్లాసు పోశాను, ఒకదాంట్లో బావివి, ఒకదాంట్లో చెలమవి. రెండు పొయ్యిల మీదా పెట్టి ఊరుకున్నాను. ఆమె మూలన కూర్చుని నా వైపు చూడకుండా కూర తరుగుతోంది. నీళ్ళు బుడగలొచ్చాయి, తగ్గాయి, ఇగిరిపోయాయి. దించి ఆమె ముందు పెట్టాను.

చెలమ మూకుడులో పలచని మచ్చ. బావి మూకుడు అడుగంతా సున్నం పూసినట్టు తెల్లటి పొర.

కాంతమ్మ వేలిగోటితో గీకింది. గోటినిండా తెల్లటి పొడి వచ్చింది.

"గిదేనా నువ్వు చెప్పేది?"

"ఇదంతా అదే కాదు వదినా. ఇందులో మామూలు ఉప్పులు కూడా ఉంటాయి. ఆ నైట్రేట్ ఎంతో మళ్ళీ ల్యాబ్‌లో చూస్తేనే తెలుస్తుంది. కానీ ఏదైనా సరే, మరిగిస్తే పోదు. నీళ్ళు పోతాయి, ఇది మిగులుతుంది."

ఆమె ఆ గోటిని కొంగుకు తుడుచుకుంది. "సగం చేసి పోద్దామనుకుంటిని పాపకు" అంది. లేచి బిందె తీసుకుని, అంత ఎండలో, చుట్టాలందరూ చూస్తుండగా వాగు వైపు నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. ఇసకలో మోకాటి లోతు గుంట. పాత నీళ్ళు తోడి బయట పోసి, కొత్త ఊట తేరేదాకా పక్కన కూర్చున్నాం. ఈ నీళ్ళను మాత్రం తప్పకుండా మరిగించాలి, ఇందులో పురుగు ఉండొచ్చు అని చెప్పాను. "ఓదాన్ని మరిగియ్యద్దంటివి, ఓదాన్ని మరిగియ్యమంటివి. మతి పోతది నీతోని" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. అది చెమటో ఏమో, నేను అడగలేదు.

ఆ సాయంత్రం మరిగించి చల్లార్చిన చెలమ నీళ్ళు ఆమే పాప నాలుక మీద వేసింది.

తిరుగుదారి

నేను బయల్దేరే పొద్దున కాంతమ్మ రెండు బాటిళ్ళు తెచ్చింది. ఒకదాని మెడకు తెల్లదారం, ఒకదానికి ఎర్రదారం. "తెల్లది నువ్వు తాగనీకి. ఎర్రది బాయిది, నీ ముందట్నే పట్టిన. దీన్ని నేను ముట్ట, నువ్వు మార్చకు" అంది. నవ్వుతోందో లేదో పోల్చుకోలేకపోయాను.

ఎర్రదారం బాటిల్ దంతెవాడలో ఇచ్చి, బస్సులో తెల్లదారం బాటిల్ తాగుతూ ఇంటికొచ్చాను. ఫలితం ఫోన్‌లో చెప్పారు. నైట్రేట్ నూట పద్దెనిమిది. సగమయ్యేదాకా కాస్తే రెండు వందల ముప్ఫై ఆరు. ఆ లెక్క వేయకుండా ఉండాల్సింది.

రాజు పెంటకుప్పను పొలంలోకి తరలించాడు. కొట్టం కూడా మారుస్తానంటున్నాడు. కానీ నేలలో దిగిందంతా బయటికి పోవడానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో ఎవరూ చెప్పలేదు. రోజూ ఫోన్ చేసి పాప ఏ నీళ్ళు తాగిందని అడుగుతాను.

"చుట్టపు నీళ్ళే" అంటుంది కాంతమ్మ. "ఇంకా చుట్టమే నీ మనవరాలు. ఇంటి మనిషి గాలె. ఎప్పుడైతదో నువ్వే చెప్పాలె, లెక్కలదానివి."

లెక్క వేశాను. పాపకు ఆరు నెలలు జూలై చివరికి గానీ నిండవు. జూన్‌లో వానలు మొదలైతే వాగు వచ్చి చెలమను కప్పేస్తుంది. నెలకు పైగా తేడా. మొదటి వానకే పాపను బచేలి పంపుతానని ఆమె మాటిచ్చింది. మాట మీద ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఫోన్ కలవగానే నేను ముందు ఉసూరు వైపు మబ్బు పట్టిందా అని అడుగుతున్నాను. పాప ఎలా ఉందని అడిగేది ఆ తర్వాతే.